ఇంటి పాత పాత్రలు: అలంకారమా, ఆస్తియా?

ఇటీవల మన పట్టణములలో ధనికుల గృహములందే గాక మధ్యతరగతి ఇండ్లలోను ఒక వేడుక ప్రబలినది. పాతకాలపు ఇత్తడి, రాగి పాత్రలను వెలయిచ్చి కొని, మెరుగు పెట్టించి, ముందుగదిలో బల్లమీద నిలిపి, వాటిలో పూలగుత్తులు అమర్చుచున్నారు. నిన్నటి నీళ్లబిందె నేటి పూలకూజా అయినది. ఈ వేడుక చెడ్డదని నేననను. పూర్వుల పనితనమును కంటికెదురుగా నుంచుకొనుట మంచి అభిరుచియే. కాని అదే కాలమున, అదే వీథిలో, మన అటకలమీది బిందెలును గంగాళములును తూకమునకు అమ్ముడుపోవుచున్నవి. ఒకరి ఇంటి పాత్రను కొని అలంకరించుకొనువారు తమ ఇంటి పాత్రను పాతసామానులవానికి ఇచ్చివేయుచున్నారు. ఇది ఆలోచింపదగిన విషయము.

పాత వస్తువునకు విలువ దేనివలన కలుగును? కేవలము ఏండ్లు గడచుటవలన కాదు. అది ఏమి, దేనికొరకు చేసినది, ఎవరు చేసినది అను తెలివి దానితో కూడ నిలిచినప్పుడే దానికి విలువ. మన కర్ణాటక రాష్ట్రములోని బీదరు పట్టణపు పాత్రలే దీనికి మంచి ఉదాహరణము. 1956 నవంబరు 1వ తేదీవరకు బీదరు హైదరాబాదు రాష్ట్రములో నుండినది. ఆ పట్టణపు పేరనే బిద్రీ అను లోహపుపని ప్రసిద్ధికెక్కినది. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునందు సైతము ఈ పాత్రలను ప్రదర్శించిరి.

తుత్తునాగములో కొద్దిపాటి రాగి కలిపి కరగించి, మట్టి అచ్చులో పోసి పాత్రను తీయుదురు. దానిని నునుపుచేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికముగా నలుపుచేసి, లతలను పువ్వులను గీసి, సన్నని ఉలులతో చెక్కుదురు. ఆ గాడులలో వెండి తీగెను గాని వెండి రేకును గాని సుత్తితో కొట్టి కూర్చుదురు. కడపట బీదరు కోటలోని మట్టిని, నవాసారమును కలిపిన నీటిలో పాత్రను ముంచి రుద్దుదురు. అప్పుడు అడుగు లోహము కాటుకవలె నల్లబడును. వెండి మాత్రము తెల్లగానే నిలుచును. ఈ కళలో ఆరితేరిన బీదరు వాసి షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఇప్పుడొక ముచ్చట వినుడు. నేను ఉపాధ్యాయ శిక్షణకై నాటి ఆంధ్రప్రదేశమునకు పోయిన దినములలో హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమును చూచితిని. అక్కడ బిద్రీ పాత్రలెన్నో కలవు. గుండ్రముగా, కంఠము సన్నగా నున్న ఒక పాత్రను చూచి నావెంట నున్నవారందరు పూలకూజా యనుకొనిరి. అది హుక్కాకు అడుగున నీరు నిలుపు బుడ్డి! ఈనాడు పూలకూజాలని పేరుపెట్టి అమ్ముచున్న పాత పాత్రలలో ఇట్టి హుక్కా బుడ్డులు, సురాహీలు చాల కలవు. అంతే కాదు, అంచు వెడల్పుగా విచ్చుకొని సొగసుగా కనబడు కొన్ని ఇత్తడి పాత్రలు తాంబూలము నమిలి ఉమ్మివేయుటకు చేసినవి. మన పెద్దలు వాటిని తమ్మపడిగలనిరి. తమ్మపడిగలో గులాబీలు నిలిపి అతిథికి ఎదుట బల్లమీద పెట్టిన గృహస్థు కడిగి పెట్టినందున దోషము లేదు గాని, అదేమో తెలియక పెట్టుట నవ్వుబాటే గదా!

ఇంతవరకు ఇతరుల పాత్రలమాట. ఇక మన ఇంటిమాట చెప్పెదను. మన తాతలనాటి పాత్రలను త్రిప్పి చూడుడు. అంచుక్రిందనో, మెడమీదనో చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన అక్షరములు కనబడును. పెండ్లికి సారెగా ఇచ్చిన పాత్రపై పెండ్లికూతురి పేరు, ఇచ్చినవారి పేరు, ఒకప్పుడు ఊరి పేరు, సంవత్సరము చెక్కించుట మన వాడుక. మనము కన్నడసీమలో తరతరాలుగా వసించుచున్నాము. ఇక్కడి బజారులో, కచేరీలో, బస్సుమీద కన్నడ లిపియే మనకు కనబడును, అది న్యాయమే. మరి మన ముత్తవ్వ పేరు తెలుగు అక్షరములలో ఎక్కడ నిలిచియున్నది? ఆమె చదువుకొనలేదు; ఉత్తరము వ్రాయలేదు; ఏ పత్రముమీదను చేవ్రాలు చేయలేదు. ఆమె పేరు ఆ ఇత్తడి బిందెమీదనే యున్నది. ఆ బిందె కొలిమికి పోయిన దినమున ఆ పేరును కరగిపోవును.

పాత్రతోపాటు మాటయు పోవుచున్నది. గుండిగ, కాగు, గంగాళము, మరచెంబు, రాచిప్ప అను మాటలను తరగతిలో చెప్పినచో అర్థము వ్రాసికొను పిల్లలే గాని, వస్తువును చూచినవారు తక్కువ. నిఘంటువులో అర్థము దొరకును; మరచెంబు మూతను త్రిప్పుచు బిగించునప్పుడు కలుగు తెలివి నిఘంటువులో దొరకదు.

తల్లిదండ్రుల ఇబ్బందిని నేనెరుగుదును. ఇత్తడి బిందె బరువు, తోముట కష్టము. పులుసు వండవలెనన్న ఇత్తడికి లోపల కళాయి పూయించక తప్పదు. కళాయివారు ఇప్పుడు వీథులలో అరుదు. స్టీలు పాత్ర తేలిక, శుభ్రము. చిన్న ఇంటిలో పది గంగాళములు దాచుటకు చోటు లేదు. పిల్లల ఫీజు కొరకు పాత్ర అమ్మిన తల్లిని నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. కనుక అన్నియు దాచుడని నేను చెప్పను. పేరున్న పాత్ర నొక్కదానినైన నిలుపుకొనుడు. తక్కినవాటిని అమ్మవలసి వచ్చిన, అమ్మకముందు వాటి పేరును, వాటిమీది వ్రాతను పుస్తకమున ఎక్కించుడు అని మాత్రమే నా మనవి.

విద్యార్థులారా, ఈ పని మీది. అక్షరములపై పలుచని కాగితము పరచి, పెన్సిలు కొనను వాలుగా పట్టి మెల్లగా రుద్దుడు. చుక్కలు కాగితముమీద తేలును. దానిక్రింద పాత్ర పేరు, దాని పని, ఎవరి పుట్టింటినుండి వచ్చినదో అవ్వనడిగి వ్రాయుడు. పాత్రపై కన్నడ అక్షరములున్నను అట్లే వ్రాసికొనుడు. అదియు మన ఇంటి చరిత్రయే. వ్రాత యున్న చోట ఇటుకపొడితో, ఇసుకతో తోమకుడు, చుక్కలరిగిపోవును. పూలు పెట్టదలచిన నీటిని పాత్రలో నేరుగా పోయక, లోపల ఒక గాజుగ్లాసు నుంచి దానిలో పోయుడు. బిద్రీ పాత్ర యున్నచో దానికి ఇత్తడి మెరుగుపొడి తగిలింపరాదు. దాని అందమైన నలుపే పోవును.

కొనువారికి ఒక హెచ్చరిక. కొత్త ఇత్తడికి ఆమ్లములు పూసి పాతదిగా కనబరచు వ్యాపారము కలదు. రంగు చూచి వయస్సు నిర్ణయింపరాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము ప్రకారము, సాధారణముగా నూరేండ్లు నిండిన కళావస్తువు పురావస్తువగును. దానితో వ్యాపారము చేయుటకు అనుమతిపత్రము కావలెను. ప్రయివేటు వ్యక్తులు దానిని దేశము దాటింపరాదు. చట్టమే అంత గౌరవమిచ్చిన వస్తువును మనము కిలోల లెక్కన ఇచ్చివేయుట ఎంతవరకు తగును?

బల్లమీది పూలకూజా ఇంటికి అందము తెచ్చును. ఆ కూజా మన ముత్తవ్వ బిందెయై, దానిమీది పేరును మన పిల్లవాడు కూడబలుకుకొని చదువగలిగిన నాడు, అది అలంకారము మాత్రమే గాక ఆస్తియు నగును. చదువగల పిల్లలను మా పాఠశాల సిద్ధపరచుచున్నది. చదువవలసిన పాత్రను నిలుపు భారము ఇంటివారిది.