దాచిపెట్టాం, అందుకే పాడైంది

మొన్న దసరా సెలవులకు మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. బ్యాగు కింద పెట్టగానే అడిగిన మొదటి మాట, "అమ్మా, నా సైకిల్ బయటికి తియ్యవా?" అని. అన్నం తిని పొమ్మన్నా వినలేదు. వెనక రేకుల కొట్టంలో ఎరువుల బస్తాలు జరిపి, పైన కప్పిన పట్టా తీసి, టైర్లకు గాలి కొట్టి ఇచ్చాం. పది నిమిషాలు కాకముందే సైకిల్ నడిపించుకుంటూ తిరిగొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా వీధి హైవే వైపు దిగే చోట రెండు బ్రేకులూ పట్టలేదట. కాళ్లు నేలకు రాసుకుంటూ, పక్కనున్న ఇసుక కుప్పలోకి తిప్పి ఆపుకుందట.

కేతేపల్లి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. కొర్లపహాడ్ టోల్‌గేటు మా మండలంలోనే ఉంది. రాత్రీ పగలూ లారీలే. ఆ ఇసుక కుప్ప అక్కడ లేకపోతే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పదో తరగతి మొదలవగానే "పరీక్షలయ్యేదాకా సైకిల్ వద్దు" అని కొట్టంలో పెట్టింది నేనే. పది అయింది, ఇంటర్‌కు హైదరాబాద్ హాస్టల్‌లో చేరింది, సైకిల్ అక్కడే ఉండిపోయింది. ఏడాదీ నాలుగు నెలలు ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోని వస్తువు కొత్తగానే ఉండాలి కదా అని నా లెక్క.

మర్నాడు సూర్యాపేటలో సైకిల్ షాపుకు తీసుకెళ్లాం. మెకానిక్ చక్రం తిప్పి చూసి, డిస్కు మీద వేలు రాసి మా ఆయనకు చూపించాడు. వేలికి నల్లటి నూనె. మా ఆయన తల దించుకున్నాడు. తుప్పు పట్టొద్దని ట్రాక్టర్ ఇంజనాయిల్ గుడ్డతో సైకిలంతా పూసింది ఆయనే. గొలుసుకు నూనె కావాలి గానీ డిస్కుకు చుక్క కూడా తగలకూడదట. బ్రేకు ప్యాడ్లు ఆ నూనె పీల్చుకుంటే పైపైన తుడిచినా లాభం లేదు. డిస్కును స్పిరిట్‌తో కడిగి, ప్యాడ్లు కొత్తవి వేయాల్సిందే.

"అక్కా, తొక్కి పాడైన సైకిల్ కాదిది. పెట్టి పెట్టి పాడైంది" అన్నాడు.

ఇంకా చాలా చూపించాడు. గాలి లేక చప్పబడిన టైర్ల మీదే సైకిల్ బరువు అన్ని నెలలూ ఆగింది. రేకుల వేడికి రబ్బరు ఎండి, మడతపడ్డ చోట పగుళ్లు వచ్చాయి. గొలుసూ, ముందు షాకు గొట్టాలూ తుప్పెక్కాయి. దానికి కారణం పక్కనున్న ఎరువుల బస్తాలే. యూరియా, పొటాష్ గాలిలో చెమ్మను లాక్కుంటాయి, ఆ పొడి పడ్డ ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. షాకు గొట్టం మీద తుప్పు గరుకు తేలితే, పైకీ కిందికీ ఆడేటప్పుడు లోపలికి దుమ్ము పోకుండా ఆపే రబ్బరును కోసేస్తుంది. ఒక గేరు తీగ పైతొడుగును ఎలుకలు కొరికాయి.

ఇంకొకటి మేం తెచ్చిన రోజునే జరిగిన నష్టం. హైదరాబాద్‌లో కొన్న సైకిల్‌ను మా తమ్ముడు బస్సు డిక్కీలో పడుకోబెట్టి తెచ్చాడు. గేర్లున్న కుడివైపు కిందికి, పైన ఎవరివో రెండు బస్తాలు. వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క ఒకటుంటుంది, హ్యాంగర్ అంటారు. ఫ్రేముకు దెబ్బ తగలకుండా అదే ముందు వంగుతుంది. అది వంగితే గొలుసు ఒక పళ్లచక్రం మీద నిలవదు. "గేరు దానంతట అదే మారుతోంది" అని పిల్ల మొదటి రోజు నుంచీ మొత్తుకుంది. "నీకు తొక్కడం రాదు" అన్నాం. ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

మా మామయ్య పాత సైకిల్ ఇరవై ఏళ్లు గోడకు ఆనించే ఉండేది. గాలి కొడితే చాలు, పొలానికి పోయేది. దానికి గేర్లు లేవు, డిస్కు లేదు, గొలుసు మీద రేకు మూత ఉండేది. ఎక్కడ నూనె పోసినా తప్పు లేదు. ఆ అలవాటుతోనే దీన్నీ చూశాం. 1976లో అమెరికాలో కాలిఫోర్నియా కొండల మీద ఈ రకం సైకిళ్లకు మొదట్లో పందేలు జరిగినప్పుడు, దిగిన ప్రతిసారీ బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు కరిగిపోయేదట. మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది కాబట్టే ఆ దారికి 'రీప్యాక్' అని పేరొచ్చింది. పుట్టుకే అలాంటిది. చూసుకుంటూ ఉండాల్సిన బండి ఇది.

అసలు దాచడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కందిపప్పులో వేపాకు వేస్తాం, నెలకోసారి ఎండబెడతాం. చింతపండుకు ఉప్పు కలిపి జాడీలో పెడతాం. తడి చేత్తో పచ్చడి ముట్టనివ్వం. దాచడమంటే మధ్యమధ్య తీసి చూసుకోవడమని మనకు తెలుసు. ఇనుప వస్తువు దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతుందో! పట్టా కప్పేసి బాధ్యత తీరిందనుకుంటాం.

మీ ఇంట్లో కూడా పిల్లల గేరు సైకిల్ మూలన ఉంటే ఒక్కసారి చూడండి. ఎండ, ఎరువులు లేని చోట పెట్టండి. వీలైతే చక్రాలు నేలకు ఆనకుండా వేలాడదీయండి, లేదంటే నెలకు రెండుసార్లు గాలి చూడండి. గొలుసు తుడిచి దానికి మాత్రమే సైకిల్ నూనె వేయండి. సర్వీసింగ్ సెంటర్ పైపుతో కడిగించొద్దు, ఆ నీళ్ల వేగానికి బేరింగుల్లో గ్రీజు పోతుంది. బండిలో వేసేటప్పుడు గేర్లున్న వైపు పైకి ఉండాలి. తాడుతో షాకును అణిచి కట్టొద్దు, బ్రేకు తీగల మీదుగా తాడు పోనివ్వొద్దు. ఖరీదైన వాటికి నూనెతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులుంటాయి. చక్రం తీసి తెచ్చేటప్పుడు వాటి లివర్ నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి. మధ్యలో అట్టముక్క మడిచి పెట్టాలి. ఎంత దాచిన సైకిలైనా పిల్లలకిచ్చే ముందు పెద్దవాళ్లు ఇంటి ముందు తొక్కి బ్రేకు చూడాలి. నేను చేయని పని అదే.

రిపేరుకు రెండు వేల పైన అయింది. డబ్బు పోతే పోయింది. తిరిగి వస్తుంటే మా అమ్మాయి అన్న మాటే నన్ను వదలడం లేదు. "పరీక్షలు, తర్వాత ఎంసెట్, తర్వాత ఇంకోటి. అన్నీ అయినాక తొక్కుకో అంటారు. అప్పటికి నాకు తొక్కాలని ఉంటుందా అమ్మా?"

జవాబు చెప్పలేకపోయాను. చదువు వద్దని నేను అనను. కానీ రెండేళ్లు పక్కన పెట్టిన ఇష్టం కూడా పట్టా తీయగానే కొత్తగా బయటికొస్తుందని ఇక నమ్మను. హాస్టల్‌లో సైకిల్ పెట్టనివ్వరు. అందుకని ఇప్పుడు వారానికోసారి తెల్లవారకముందే దాన్ని నేనే తొక్కుతున్నాను, హైవే వైపు కాదు, పొలాల బాటన. మా అత్తమ్మ మొదటి రోజు "ఈ వయసుల నీకేం పుట్టిందే!" అని నోరు నొక్కుకుంది. నిన్న మాత్రం తనే అడిగింది, "గాలి చూసినవా?" అని.

సంక్రాంతికి పిల్ల వస్తుంది. ఈసారి అన్నం తర్వాతే, సైకిల్ ముందు.