ఇంటికొక మనిషి, చేతికొక పార



వాన పడితే వంక పారుతుంది. నెల తిరక్కుండానే మన చెరువు అడుగు తేలుతుంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో కట్ట మీద నడిచి చూడండి. కంపచెట్ల వేళ్లు కట్టను చీల్చాయి. తూము పక్కన చేయి దూరేంత బొక్క పడింది. వంక పొడవునా పూడిక మేట వేసింది. కొత్త బోరుకు అప్పు చేస్తున్నాం గానీ, బోర్లకు ఊట ఇచ్చే చెరువును పట్టించుకోవడం లేదు.

మన కడప జిల్లాకు చెరువు పని కొత్త కాదు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో పోరుమామిళ్ల చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని సాగిందని అక్కడి శిలాశాసనం చెబుతోంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలనూ అందులో చెక్కించారు. కట్ట నుంచి నీళ్లు కారడం వాటిలో ఒకటి. ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కిన ఆ దోషం ఈ రోజు మన కట్టకుంది.

కట్టించింది రాజులైనా కాపాడింది ఊరివాళ్లే. మరమ్మతు చేసేవాళ్లకు దశబంధం ఇనాములు ఉండేవి. నీరుగంటి తూము చూసుకునేవాడు. ఊరంతా కలిసి పూడిక తీసే కుడిమరామత్తు ఉండేది. అవి పోయాక చెరువు దిక్కులేనిదైంది.

అందుకే ఊరి ముందు నాలుగు పనులు పెడుతున్నాం.

1. వానలు రాకముందే, ప్రతి ఆదివారం పొద్దున 6 నుంచి 10 దాకా ఇంటికొకరు పనికి రావాలి. ముసలివాళ్లే ఉన్న ఇళ్లను పిలవొద్దు.

2. కంపచెట్లు కొట్టి, బొక్కల్లో బంకమట్టి కూరి గట్టిగా దిమ్మిస వేయాలి. మట్టి కోసం కట్ట పాదం దగ్గర గుంత తీయొద్దు. కట్ట బలం పోతుంది.

3. అధికారుల అనుమతి తీసుకుని, పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకోవాలి. చెరువు లోతవుతుంది, చేనుకు సత్తువ వస్తుంది. ఆ మట్టిని అమ్మడానికి వీల్లేదు.

4. తూము తలుపు, మరవ గోడ మన చేతులతో అయ్యేవి కావు. అవి ప్రభుత్వమే చేయాలి. గ్రామసభలో తీర్మానం చేయించి, నకలు పట్టుకుని అడుగుదాం. వచ్చిన ప్రతి రూపాయి లెక్క పంచాయతీ గోడ మీద రాయిద్దాం.

ఆయకట్టులో సెంటు భూమి లేనివాళ్లకు ఏం లాభమని అడగొచ్చు. చెరువు నిండితే తాగునీటి బావి ఊరుతుంది, గొర్రెలకు నీళ్లుంటాయి, కూలీలకు రెండో పంట పని దొరుకుతుంది.

పార్టీలు, పాత పగలు ఇంటి దగ్గరే వదిలి రండి. కట్ట తెగితే నీళ్లు ఎవరి పార్టీ ఏదని చూసి పారవు.

వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు రచ్చబండ దగ్గర కలుద్దాం. పార, గంప తెచ్చుకోండి.

ఇట్లు,
ఊరి రైతులు, మహిళా సంఘాలు, యువకులు