జడకుచ్చులు – తుమ్ములు

“లండన్‌లో అమ్మాయి దగ్గరికి రావడం ఇది మూడోసారి. ఈసారి ఫిబ్రవరి నుంచి ఒకటే తుమ్ములు, కళ్ళ దురద. జ్వరం లేదు. ఇక్కడి చలి నాకు పడలేదంటారా?” అని ఒక సోదరి రాశారు.

చలి కాదమ్మా. ఎదుటి చెట్లకు ఒక్క ఆకు లేకపోయినా సన్నటి కుచ్చులు వేలాడుతూ ముచ్చటగా ఉన్నాయని మీరే రాశారు. తగువంతా వాటితోనే.

అక్కడ వాటిని క్యాట్‌కిన్లు అంటారు. అచ్చం మన ఆడపిల్లల జడకుచ్చులే. హేజెల్ చెట్టు కుచ్చులు జనవరి, ఫిబ్రవరిల్లో సాగి పసుపురంగుకు తిరిగాయంటే వసంతం దగ్గరపడిందని అక్కడివారికి గుర్తు. మనకు మామిడిపూత లాగ. ఆ వెనుక ఆల్డర్, మార్చి నెలాఖరు నుంచి బర్చ్ చెట్లు అందుకుంటాయి. ఇవీ పూలే గాని రేకులు, పరిమళం ఉండవు. పుప్పొడిని మోసేది గాలి గనుక తేనెటీగలతో పని లేదు. ఆకులు అడ్డు రాకముందే పూయడం అందుకే. ఒక్కో కుచ్చులో లక్షల రేణువులుంటాయి. అందులో కొన్ని మీ ముక్కులోకీ వస్తాయి!

గడచిన రెండుసార్లూ ఏమీ లేదన్నారు. అది మామూలే. పుప్పొడిని ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువుగా లెక్కగట్టడానికి కొంత కాలం పడుతుంది. ఈ బాధకు పుప్పొడే కారణమని తన మీదే ప్రయోగాలు చేసుకుని 1873లో పుస్తకం ప్రచురించినవాడు మాంచెస్టరు డాక్టరు చార్లెస్ బ్లాక్లీ. ఆయనా ఏటా తుమ్మినవాడే.

జలుబైతే వారం, పది రోజుల్లో పోతుంది. ఇది వారాల తరబడి ఉంటుంది. ముక్కు నీళ్ళలా కారుతుంది, కళ్ళు దురదపెడతాయి, గాలి వీచే పొడి రోజున ఎక్కువవుతుంది. అలాంటి రోజు కిటికీలు మూయండి. బట్టలు ఆరుబయట ఆరవేయకండి. బయటి నుంచి రాగానే ముఖం కడుక్కోండి. ముచ్చటపడి ఆ కొమ్మలను ఇంట్లో పూలకుండీలో పెట్టకండి.

ఇక మందు. మనవాళ్ళు పెట్టెలో ఎవిల్ బిళ్ళలు పట్టుకెళ్తారు. అవి మత్తు కలిగిస్తాయి. ప్రోస్టేటు వాపు ఉన్న పెద్దాయన తుమ్ములకని వరుసగా నాలుగు రాత్రులు వేసుకుని, మూత్రం బిగిసి మా వార్డులో చేరాడు. మీవారికీ ఆ వాపు ఉందన్నారు గనుక ఆ బిళ్ళలు ఆయనకు ఇవ్వకండి. మీకు సెటిరిజిన్ గాని లోరాటడిన్ గాని మేలు. అక్కడి మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతాయి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం అడిగి వాడండి. మళ్ళీ ఏడు కూడా ఈ రోజుల్లోనే వెళ్ళేటట్లయితే, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రెండు వారాల ముందే మొదలుపెట్టవలసి ఉంటుంది. బయలుదేరే ముందు మీ డాక్టరుతో మాట్లాడండి.

ఛాతీ బిగుసుకున్నా, రాత్రి పిల్లికూతలు వినిపించినా అది ఉబ్బసం కావచ్చు. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగకుండా ఆమెకు ఫోన్ చేసి ఆరోజే డాక్టరుకు చూపించుకోండి. మాట్లాడలేనంత ఆయాసమైతే వెంటనే అంబులెన్సు. అక్కడి నంబరు 999.