పడకగదికి ఏ రంగు? ముందు వెలుతురు సంగతి చూడండి

ఇంటికి రంగులు వేయించాలనుకోగానే చర్చ మొదలవుతుంది. హాలుకు ఏ రంగైనా సరేగానీ, పడకగదికి మాత్రం మనసుకు ప్రశాంతతనిచ్చే రంగే కావాలంటారు చాలామంది. నీలం నిద్ర పట్టిస్తుందని, లేత ఆకుపచ్చ ఒత్తిడి తగ్గిస్తుందని, ఎరుపు కోపం పెంచుతుందని ప్రకటనలు చెబుతుంటాయి. ఇందులో శాస్త్రం ఎంత? కొంతే ఉందని నా అభిప్రాయం. రంగు పేరు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా గదిలోని వెలుతురు మీద, పెయింటు డబ్బాలో ఏముందన్న దాని మీద పెడితే మన నిద్రకూ, పిల్లల ఆరోగ్యానికీ ఎక్కువ మేలు జరుగుతుంది.

గులాబీ గది నేర్పిన పాఠం

రంగుకు మనసును మార్చే శక్తి ఉందన్న నమ్మకానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. ఒక ప్రత్యేకమైన గులాబీ రంగు మనిషిలోని దూకుడును తగ్గిస్తుందని 1970ల చివర్లో అమెరికా పరిశోధకుడు అలెగ్జాండర్ షాస్ ప్రతిపాదించారు. 1979లో సియాటెల్‌లోని నౌకాదళ కారాగారంలో ఒక గదికి ఆ రంగు వేసి చూశారు. అక్కడి ఇద్దరు అధికారుల పేర్లతో దానికి ‘బేకర్-మిల్లర్ పింక్’ అన్న పేరు వచ్చింది. ఖైదీలు నెమ్మదించారన్న వార్త పాకడంతో మరికొన్ని జైళ్లూ అదే బాట పట్టాయి. కానీ తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. స్విట్జర్లాండ్‌లోని ఒక జైలులో కొందరిని గులాబీ గదుల్లో, కొందరిని తెల్ల గదుల్లో ఉంచి పోల్చిన అధ్యయనం 2015లో వెలువడింది. రెండు వర్గాల దూకుడులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే రంగుకు ఏ ప్రభావమూ లేదని కాదు. రంగులో మూడు గుణాలుంటాయి: అది నీలమా, ఎరుపా అన్నది ఒకటి, ఎంత లేతగా ఉందన్నది రెండోది, ఎంత గాఢంగా ఉందన్నది మూడోది. వాల్డెజ్, మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, మన భావోద్వేగాలను మొదటి గుణం కన్నా మిగతా రెండే ఎక్కువగా కదిలిస్తాయని తేలింది. గాఢమైన రంగు, అది నీలమైనా సరే, మనసును కాస్త ఉత్తేజపరుస్తుంది. కాబట్టి మీకు నచ్చిన రంగునే ఎంచుకుని, అందులో లేత, మెత్తని ఛాయ తీసుకుంటే చాలు. సున్నంలో చిటికెడు నీలం కలిపి గోడలకు పూసిన మన పెద్దలు ఈ పని ఎప్పుడో చేశారు.

గడియారం చూసేది దీపాన్ని

అసలు దీపం ఆర్పాక గోడ రంగు ఏమవుతుంది? బాగా మసక వెలుతురులో మన కళ్లలో రంగులను గుర్తించే శంకు కణాలు పనిచేయవు. దండ కణాలు మాత్రమే పనిచేస్తాయి, వాటికి రంగుల తేడా తెలియదు. అందుకే చీకట్లో గది అంతా బూడిద రంగులోనే కనిపిస్తుంది. నిద్రపోయే మనిషికి నీలం గోడా, గోధుమ రంగు గోడా ఒకటే.

నిద్రకు ముందు గంటా రెండు గంటల వెలుతురు మాత్రం చాలా ముఖ్యం. రెటీనాలో చూపుకోసం కాక, శరీరంలోని జీవ గడియారానికి పగలో రాత్రో తెలియజేయడానికి పనిచేసే కణాలు కొన్ని ఉన్నాయని 2002లో స్పష్టమైంది. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం 480 నానోమీటర్ల దగ్గరి కాంతికి, అంటే నీలి వెలుగుకు, బాగా స్పందిస్తుంది. రాత్రి ఆ వెలుగు ఎక్కువగా తగిలితే నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ విడుదల తగ్గుతుంది. నీలం నిద్ర పట్టిస్తుందన్న ప్రచారానికి ఇది పూర్తిగా ఎదురు! అలాగని నీలం గోడ నిద్ర చెడగొడుతుందనీ కాదు. గోడ తనంతట తాను వెలగదు, తన మీద పడిన వెలుతురులో కొంత తిప్పి పంపుతుంది, అంతే. తేడా తెచ్చేది దీపమే. మన పడకగదుల్లో చాలాచోట్ల 6500 కెల్విన్ల తెల్లటి ఎల్‌ఈడీ దీపాలే వెలుగుతుంటాయి. దాని బదులు 2700 నుంచి 3000 కెల్విన్ల మధ్య ఉండే, తక్కువ వాట్ల పసుపు దీపం పెట్టుకోవడం గోడ రంగు మార్చడం కన్నా చవక, మేలు కూడా.

‘చల్లని రంగు’ అన్న మాటనూ ఒకసారి పరీక్షించాలి. నిద్ర పట్టే వేళ శరీర ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గాలి, ఉక్కపోత దానికి అడ్డుపడుతుంది. లోపలి గోడకు లేత నీలం వేస్తే చూపుకు చల్లగా ఉంటుందేమో గానీ గది చల్లబడదు. ఎండను తిప్పికొట్టే తెల్ల పూత ఇంటి పైకప్పు మీద వేస్తే మాత్రం వేడి నిజంగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

డబ్బా మీద ఏం రాసి ఉంది?

అన్నిటికన్నా తక్కువగా అడిగే ప్రశ్న ఇది. పసుపు, నారింజ, ఎరుపు వంటి ముదురు రంగుల కోసం ఎనామెల్ పెయింట్లలో సీసం సమ్మేళనాలు వాడటం చాలాకాలం సాగింది. తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు, మంచాలకు వేసేది ఈ ఎనామెలే. పిల్లలు చేతులు పెట్టేదీ, ఆ చేతులు నోట్లో పెట్టుకునేదీ అక్కడే. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకూ ఫరవాలేదు అనదగ్గ మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించరాదని మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ సంగతి డబ్బా మీద ముద్రించి ఉండాలి. అది లేని డబ్బాను, ఎంత చవకైనా, తిప్పి పంపండి. పాత ఇల్లయితే పాత రంగును పొడిగా గీకనివ్వకండి. తడిపి గీకితే దుమ్ము లేవదు. ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్లల్ని, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచండి. కొత్త పెయింటు వాసన పోయేవరకు కిటికీలు తెరిచి పెట్టి, కొన్ని రోజులు వేరే గదిలో పడుకోండి.

కాబట్టి వరుస ఇలా ఉంటే మంచిది: ముందు సీసం లేని పెయింటు, తర్వాత రాత్రికి తగిన దీపం, వీధి దీపాన్ని ఆపే పరదా. ఈ మూడూ అయ్యాక రంగు గురించి ఇంట్లో అందరూ ఎంతసేపైనా వాదించుకోవచ్చు. అప్పుడు ఏ లేత రంగు గెలిచినా నష్టం లేదు.