ఖాళీ కారుకు తోక ఎత్తు ఎందుకు?

పిల్లలూ, ఈ నెల నా బల్లమీదికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి తగాదా తీర్చమని వచ్చింది. రాసినవాడు ఏడో తరగతి చదువుతున్న అబ్బాయి.

"మా ఇంట్లో కారు కొన్నారు. వెనక చక్రానికీ దానిపై మడ్డుగార్డుకూ మధ్య నాలుగు వేళ్ళు దూరుతున్నాయి. ముందు చక్రంమీద మూడే దూరుతున్నాయి. కారు తోక ఎత్తుకున్నట్టు అసహ్యంగా వుందనీ, స్ప్రింగులు కోయించి నాలుగు పక్కలా సమంగా కిందికి దించుతాననీ అన్నయ్య అంటున్నాడు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. రెండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరిది ఒప్పో మీరు చెప్పండి."

తీర్పు చెప్పేముందు సాక్షిని విచారించాలి గదా! ఇక్కడ సాక్షి స్ప్రింగు.

రాబర్ట్ హుక్ అని ఇంగ్లండులో ఒక శాస్త్రజ్ఞుడు వుండేవాడు. స్ప్రింగుమీద బరువు రెట్టింపు చేస్తే అది కుంగేదీ రెట్టింపు అవుతుందని ఆయన కనిపెట్టాడు. అయితే ఇంకెవరైనా అది తమదే అంటారేమోనని ఆయనకు అనుమానం. అందుకని 1676లో ఆ సంగతి చెప్పే లాటిన్ వాక్యంలోని అక్షరాలను విడగొట్టి, వరసలో పేర్చి, పొడుపు కథలాగా అచ్చువేయించాడు! విప్పి చెప్పింది 1678లో. అంతగా దాచుకున్న సంగతి ఇప్పుడు మీ పాఠ్యపుస్తకంలో ఒక చిన్న పేరాలో ఇమిడిపోయింది.

ఇక లెక్కకు వద్దాం. అంకెలు లెక్క తేలికగా వుండటానికి నేను వేసుకున్నవి. మీ కారువి కావు. ఒక స్ప్రింగుకు 8 చుట్లు వున్నాయనుకోండి. బరువు లేనప్పుడు ఒక్కొక్క చుట్టు 45 మిల్లీమీటర్ల ఎత్తు, మొత్తం 360. దానిమీద కారు బరువు పడితే ఒక్కొక్క చుట్టు 15 చొప్పున కుంగుతుంది. 8 చుట్లకు 120. అంటే కారుకింద ఆ స్ప్రింగు నిలిచే ఎత్తు 240.

ఇప్పుడు ఒక చుట్టు కోసేశాం. కారు ఎంత దిగుతుంది? తొందరపడి 45 అనకండి. మిగిలినవి 7 చుట్లు. ఖాళీగా 315 ఎత్తు. వాటిమీద పడే బరువు అదే కనక ఒక్కొక్కటీ మళ్ళీ 15 కుంగుతుంది. మొత్తం కుంగినది 105. నిలిచే ఎత్తు 210. దిగింది 30 మాత్రమే!

మిగతా 15 ఎక్కడికి పోయింది? స్ప్రింగు బిరుసెక్కింది, అదీ సంగతి. మునుపు 120 కుంగిన బరువుకు ఇప్పుడు 105 మాత్రమే కుంగుతోంది. నమ్మకం కలక్కపోతే, పాత బాల్‌పాయింట్ కలంలోని స్ప్రింగును సగానికి కత్తిరించి ఒక ముక్కను వేలితో నొక్కి చూడండి. (ఇంట్లో పెద్దవాళ్ళ కలం విప్పి నా పేరు చెప్పకండి.) ముక్క చిన్నదయింది కదా అని మెత్తబడదు, గట్టిపడుతుంది. కోసిన స్ప్రింగుల కారెక్కితే ప్రతి గతుకూ నడుముకు తెలిసేది అందుకే.

సరే, ఖాళీ కారుకు వెనక భాగం ఎత్తుగా ఎందుకుండాలి? ఎద్దుబండి తోలినవాళ్ళను అడిగితే చెబుతారు. బండిలో బస్తాలు వేసేటప్పుడు ఇరుసుకు అటూ ఇటూ తూకం చూస్తారు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలను నొక్కేస్తుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి, పలుపులు గొంతుకు బిగుస్తాయి. కాబట్టి బండి తూకం చూసేది బరువు వేసేటప్పుడే గాని, ఖాళీగా చెట్టుకింద నిలబెట్టినప్పుడు కాదు.

కారైనా అంతే. చాలా కార్లలో ఇంజను ముందువుంటుంది. దాని బరువు ఎప్పుడూ మారదు. మారేది వెనక సీటూ, డిక్కీ. నాయనమ్మా, ఇద్దరు మనవలూ, ఊరగాయ జాడీలూ, పెట్టెలూ అన్నీ వెనకే ఎక్కుతాయి. అప్పుడు వెనక భాగం కుంగి కారు సమంగా నిలవాలని, ఖాళీగా వున్నప్పుడు దాన్ని కాస్త ఎత్తుగా వుంచుతారు. ఖాళీ కారును సమం చేస్తే, నిండు కారు ముక్కు పైకెత్తుతుంది.

ఎత్తితే ఏం? రాత్రిపూట తెలుస్తుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య రెండున్నర మీటర్లనుకోండి. వెనక భాగం 5 సెంటీమీటర్లు కుంగితే కారు 50కి 1 వంతున వాలుతుంది. హెడ్‌లైటు వెలుగు 25 మీటర్ల దూరంలో అర మీటరు పైకి పోతుంది. రోడ్డుమీద పడవలసిన వెలుగు ఎదురుగా మోటారుసైకిలు నడిపేవాడి కళ్ళల్లో పడుతుంది. వాడికి ఆ రెండు క్షణాలూ గోతులూ కనబడవు, మనిషీ కనబడడు. చాలా కార్లలో స్టీరింగు దగ్గర 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఒకటి వుంటుంది. అది ఈ వెలుగును దించటానికే. దాని సంగతి తెలియని డ్రైవర్లు ఎందరో!

కారు దించే సరదా అబ్బాయి అన్నయ్యతో పుట్టింది కాదు. అమెరికాలో, కాలిఫోర్నియాలో వున్న మెక్సికో సంతతి యువకులు రెండో ప్రపంచయుద్ధం తరవాత పాతకార్లు కొని, నేలకు ఆనుతాయా అన్నట్టు దించి, మెల్లగా వీధుల్లో ఊరేగేవారు. కొందరు స్ప్రింగుల చుట్లు కోసేవారు, కొందరు డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవారు. 1950ల చివర అక్కడ ఒక చట్టం వచ్చింది: చక్రపు రిమ్ము అడుగుకంటే కిందికి కారులో ఏ భాగమూ దిగకూడదు. 1959లో రాన్ అగీరె అనే ఆయన విమానాలకు వాడే హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కారుకు బిగించాడు. మీట నొక్కితే కారు దిగుతుంది, పోలీసులు కనిపిస్తే లేస్తుంది! ఆ చట్టాన్ని 2024 జనవరి 1 నుంచి తీసేశారు.

ఫ్రాన్సులో ఇంకో దారి తొక్కారు. సిట్రోయెన్ కంపెనీవారు 1955లో పారిస్ ప్రదర్శనలో డి.ఎస్. అనే కారు చూపించారు. అందులో ఉక్కు స్ప్రింగులకు బదులు గోళాల్లో బంధించిన వాయువూ, నూనెవంటి ద్రవమూ పనిచేస్తాయి. వెనక ముగ్గురు ఎక్కితే ద్రవం తనంతట తాను వచ్చి కారును మునుపటి ఎత్తుకు లేపుతుంది. ఖాళీగా వున్నా నిండుగా వున్నా అది ఒకే మట్టాన నిలుస్తుంది. అన్నయ్య కోరిక న్యాయంగా తీరాలంటే అటువంటి ఏర్పాటు కావాలి, రంపం చాలదు.

అన్నయ్య పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. కారు కిందికి వుంటే మలుపుల్లో తక్కువ ఒరుగుతుంది. పందెం కార్లు నేలబారుగా వుండేది అందుకే. కాని అవి నున్నటి బాటమీద పరుగెత్తుతాయి. మన రోడ్లమీద గుండ్రటి స్పీడు బ్రేకరు, నియమం ప్రకారం వేస్తే, 10 సెంటీమీటర్ల ఎత్తూ 3.7 మీటర్ల వెడల్పూ వుండాలి. మా వీధిలో ఎవరో వేయించినది గోడలాగా నిలబడి వుంది. దానిమీద కార్ల పొట్టలు గీరుకునే చప్పుడు నాకు రోజూ పొద్దున్నే మేలుకొలుపు.

పైగా కోసిన స్ప్రింగు, చక్రం గోతిలోకి వేలాడినప్పుడు తన పీటలోంచి పక్కకు జరగవచ్చు. షాక్ అబ్సార్బరుకు కదిలే చోటు తగ్గి, లోపలి రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. చక్రాలు లోపలికి వాలి టైర్ల లోపలి అంచులు అరుగుతాయి. కొన్నిచోట్ల కోయకుండా గ్యాసు మంటతో కాల్చి కుంగదీస్తారు. అది మరీ అపాయం, ఉక్కు పదును పోతుంది. కంపెనీవారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వుంది కూడాను.

కనక, అబ్బాయ్, ఈ తగాదాలో నేను నాన్నగారి పక్షం. అయితే నా మాట చెప్పి అన్నయ్య నోరు మూయించకు. టేపు తీసుకో. కారును చదునైన చోట నిలబెట్టించి, ప్రతి చక్రం నడిమి నుంచి పైన మడ్డుగార్డు అంచువరకూ కొలిచి, నాలుగు అంకెలు రాసుకో. తరవాత ఇంటిల్లిపాదినీ ఎక్కించు, డిక్కీలో సామాను పెట్టించు, మళ్ళీ కొలు. కాగితం అన్నయ్య చేతికే ఇవ్వు.

తక్కిన పిల్లలకు ఒక ప్రశ్న. పైన చెప్పిన స్ప్రింగునే ఇంకో చుట్టు, అంటే మొత్తం రెండు చుట్లు కోస్తే, అది నిలిచే ఎత్తెంత? ఆ కోయని స్ప్రింగు 120 కుంగిన బరువుకు ఇది ఎంత కుంగుతుంది? జవాబులు వచ్చే నెల.