నలుగురిలో అలసట: జబ్బా, స్వభావమా?

ప్రశ్న: నా వయస్సు 28 సంవత్సరాలు. టీచరును. మాది ఉమ్మడి కుటుంబం. ఈమధ్య మా ఆడపడుచు పెళ్ళికి వారం రోజులు ఇంటినిండా చుట్టాలు. అందరితోనూ కలివిడిగానే వున్నాను. వాళ్ళు వెళ్ళగానే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. గదిలో ఒంటరిగా కూర్చుంటే ప్రాణం హాయిగా వుంది. మా అత్తగారు దాన్ని పొగరనుకుని నొచ్చుకున్నారు. ఆ బాధతో నిద్రపట్టక ఆవిడ వాడే నిద్రమాత్ర రెండు రాత్రులు వేసుకున్నాను. ఇది మానసిక వ్యాధా?

– ఒక సోదరి, తెనాలి

జవాబు: ముందుగా, ఆ మాత్రలు ఇక ముట్టుకోకండి. ఒకరికి రాసిన నిద్రమాత్ర మరొకరు వాడరాదు. వాటిలో కొన్ని అలవాటుగా మారే ప్రమాదం వుంది.

మీరు రాసినదాన్నిబట్టి ఇది వ్యాధి కాదు, స్వభావం. స్విట్జర్లాండుకు చెందిన మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన గ్రంథంలో అంతర్ముఖులను, బహిర్ముఖులను గురించి వివరించాడు. చాలామంది ఈ రెండింటికీ మధ్యస్థంగా వుంటారు. అంతర్ముఖత్వం బిడియం కాదు. బిడియస్థులు నలుగురిలోకి వెళ్ళడానికే జంకుతారు. మీరు జంకలేదు, అలసిపోయారు.

ఈ అలసటకు విశ్రాంతి చుట్టాలు వెళ్ళాక కాదు, వుండగానే తీసుకోవాలి. భోజనాలయ్యాక 20 నిమిషాలు మేడమీదో, పెరట్లోనో ఒంటరిగా కూర్చోండి. సెల్‌ఫోన్ వెంట తీసుకెళ్ళవద్దు, అందులోవీ కబుర్లే. పెళ్ళింట్లో పూలు కట్టడం వంటి, ఒక్కరే కూర్చుని చేసుకునే పని అడిగి తీసుకోండి. సాయంత్రం అరగంట నడవండి. ఆ తరువాత కాఫీ తాగకండి. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది.

ఇక మీ అత్తగారి సంగతి. చెప్పకుండా తలుపు వేసుకుంటే ఎవరైనా కోపమనే అనుకుంటారు. "అత్తయ్యగారూ, కాసేపు నడుం వాల్చి వస్తాను" అని చెప్పి వెళ్ళండి. చెప్పిన వేళకు వచ్చి ఆవిడ పక్కన కూర్చోండి. కూతుర్ని అత్తవారింటికి పంపిన తల్లి ఆవిడ. ఆవిడకూ ఓదార్పు కావాలి.

ఒంటరిగా వున్నా తేరుకోకపోయినా, రెండు వారాలకు మించి దిగులు, ఆకలి మందగించడం, ఇష్టమైన పనులపై విముఖత వున్నా స్వభావమని సరిపెట్టుకోకుండా డాక్టరును కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.