నిజము పలుకువాడు, బొంకువాడు, మూడవవాడు



గడచిన మాసమున మేమిచ్చిన చిక్కుప్రశ్నకు చాలమంది యుత్తరములు వ్రాసితిరి. అందు సగమునకు పైగా నొకే చోట తడబడినవి. కావున నా ప్రశ్ననే మరల విప్పి చూతము.

ఒక యూర విత్తనముల యంగడి కలదు. అరుగుమీద అన్నదమ్ము లిద్దరు కూర్చుండిరి. ఒకడు ఎన్నడును బొంకడు. మరియొకడు ఎన్నడును నిజము పలుకడు. ఎవ్వడెట్టివాడో వారికి దెలియును గాని మనకు దెలియదు. వారి ముందర ప్రత్తివిత్తనముల సంచులు రెండు. ఒకటి మేలైనది, ఒకటి రంగు పూసిన తాలు. తొలకరి మబ్బు పట్టినది, చేను దున్ని సిద్ధముగా నున్నది. ఇద్దరిలో నొక్కని, ఒక్క ప్రశ్న మాత్రమే యడుగవచ్చును. ఏమని యడుగవలయును?

“మీలో బొంకువాడెవడు?” అని యడుగుదుమని పలువురు వ్రాసిరి. దానివలన ఫలము లేదు. సత్యవాది రెండవవానినే చూపును. బొంకువాడును రెండవవానినే చూపును. ఎవరి నడిగినను ఒకే యుత్తరము వచ్చునప్పుడు మనకు దెలియున దేమున్నది? పైగా ఉన్న యొక్క ప్రశ్నయు ఖర్చైపోయినది.

అడుగవలసిన దిది: “ఎడమ సంచి మేలైనదా యని నీ తోడబుట్టినవాని నడిగినచో నతడేమనును?” ఎడమ సంచియే మేలైన దనుకొందము. మన మడిగినవాడు సత్యవాది యైనచో, తమ్ముడు బొంకి “కాదు” అనునని యున్నదున్నట్లు చెప్పును. బొంకువా డైనచో, అన్న “అవును” అనునని యెరిగియు “కాదనును” అని చెప్పును. ఎవ్వరైనను “కాదు” అనియే వచ్చును. మజ్జిగలో ఉప్పు ముందు వేసినను, పోపు ముందు వేసినను రుచి యొకటే యైనట్లు, ఒక నిజమును ఒక బొంకును ఏ వరుసను గలిసినను బొంకే తేలును. వచ్చిన మాటను తిరుగవేసికొనిన చాలును.

ఒంగోలు ప్రక్కనుండి ఒక సోదరి యింతకంటె మేలైన యుపాయము వ్రాసినది. “ఎడమ సంచి మేలైనదా యని నిన్నే యడిగినచో నేమందువు?” అని యామె ప్రశ్న. బొంకువాడు నేరుగా నడిగినచో బొంకవలయును; తా నేమందునో చెప్పుటలో నా బొంకును గూర్చి మరల బొంకవలయును. రెండు బొంకులు గలిసి నిజమే బయటపడును. మా యుపాయమునకు ఇద్దరిలో నొకడు సత్యవాది యొకడు బొంకువాడు నై యుండవలయును. ఆమె యుపాయమునకు ఆ యక్కర లేదు. ఇద్దరును బొంకువారే యైనను సంచి దొరకును. మావారు దీనిని నల్లబల్లమీద పట్టిక గీచి పిల్లలకు జెప్పుదురు గాని, మాకు నోటిలెక్కయే హితము.

ఇట్టి ప్రశ్నల కన్నిటికిని మార్గ మొక్కటే. ఒకనిని సత్యవాది యనుకొని, యా యనుకొన్నదాని వెంట కడవరకు నడువవలయును. పొసగకున్నచో వాడు బొంకువాడు. మన నైయాయికులు దీనినే తర్కమనిరి: నిప్పే లేకున్నచో పొగయు నుండరాదు గదా యనుట. భర్తృహరి తన వాక్యపదీయమున “నేను పలుకునదంతయు నసత్యము” అను మాటవలన గలుగు చిక్కును గూడ చర్చించెను. మన యాటలో సత్యవాదియు బొంకువాడును గూడ “నేను బొంకువాడను” అని యనలేరు. ఎందుకో యొక్క నిమిషము యోచింపుడు. చివర దీనితో పని కలదు.

ఈ యాటలను లోకమంతట వ్యాపింపజేసినవాడు రేమండ్ స్మల్యన్ (1919–2017) అను నమెరికా తర్కశాస్త్రజ్ఞుడు. ఇంద్రజాలమును బ్రదర్శించిన మనుజుడు. 1978లో వెలువడిన యాతని పుస్తకమున సత్యవాదులు, బొంకువారు మాత్రమే గాక, ఒకప్పుడు నిజమును ఒకప్పుడు బొంకును పలుకు మూడవ తెగయు గలదు. ఈ మూడవ తెగయే మనకు నిత్యము తారసపడునది.

ద్రోణపర్వము చదివిన సోదరీమణులకు వేరుగ జెప్పనక్కర లేదు. ద్రోణుడు కుమారుని మరణవార్త నెవ్వరిచెప్పినను నమ్మక, సత్యవాది యని ధర్మరాజునే యడిగెను. అడుగవలసినవానినే యడిగెను, అడుగవలసినదే యడిగెను. చచ్చినది యేనుగని ధర్మజుడు లోగొంతుకతో ననెను. మన యాట నియమముచొప్పున నతడు సత్యవాదియే. అక్షర మొక్కటియు బొంకు గాదు. అయినను నేలకు నాలు గంగుళములు పైన నడచు నాతని రథము నాడు నేల దిగినది. చిక్కుప్రశ్న నోటిని చూచును. ధర్మము చెవినిగూడ చూచును.

గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపచేలయందును ప్రత్తిచేలయందును నకిలీ విత్తనములతో మోసపోయిన కుటుంబములు వినినది నిలువు బొంకు గాదు. “నిరుడు మీ ప్రక్క చేనివారును మాయొద్దనే కొనిరి” అని యమ్మువాడనును. నిజమే, వారు కొన్నది వేరొక రకము. “మొలకెత్తును” అనును. అదియు నిజమే, కాయ మాత్రము పట్టదు. ఇట్టివాని నోటి నడుగుటకంటె కాగితము నడుగుట మేలు. 1966 నాటి విత్తనముల చట్టముచొప్పున పొట్లముపైని చీటిలో రకము పేరు, లాటు సంఖ్య, మొలకశాతము, పరీక్షించిన తేదీ యుండవలయును. ఆ సంఖ్యతో బిల్లు వ్రాయించుకొనుడు. విత్తనములు కొన్న రైతు వినియోగదారుడే యనియు, నష్టపరిహారమునకు వినియోగదారుల న్యాయస్థానమున కెక్కవచ్చుననియు 2012లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. అది మన రాష్ట్రపు రైతుల వ్యాజ్యములమీద వచ్చినదే. బిల్లు లేకున్నచో ఆ మెట్టెక్కుట కష్టము. మగవారు తెచ్చిన బిల్లును బియ్యపుడబ్బాలోనైనను దాచువారము మనమే గదా!

ఇక నీ మాసపు ప్రశ్న. గుంటూరు మిర్చియార్డున తొడిమలు తీయు స్త్రీలు ముగ్గురు కూర్చుండిరి. ఒక్కొక్కతె సత్యవాదినియో, ఎల్లప్పుడు బొంకునదియో యై యున్నది. “నీవెట్టిదానవు?” అని మొదటియామె నడిగితిమి. ఆమె బదులు పలికినది గాని, ఘాటుకు మాకు వచ్చిన తుమ్ములో నా మాట వినబడలేదు. రెండవయామె, “తాను బొంకుదానినని చెప్పినదమ్మా” అనెను. మూడవయామె, “ఈమె మాట నమ్మకుడు, బొంకుచున్నది” అనెను. రెండవ, మూడవ స్త్రీలలో నెవరెట్టివారు? మొదటియామెను గూర్చి యేమైన చెప్పగలమా? ఉత్తరముతోపాటు, ఆ యుత్తర మెట్లు వచ్చినదో గూడ వ్రాయుడు.